వీపు వెనక సముద్రం

గ్రీసు దేశం వెళ్దామన్నది నా భార్య. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ నన్ను నగలు అడగలేదు, చీరలు అడగలేదు. ఆవిడ కోరుకున్నది ఒక బిడ్డని. అది నా ఒక్కడి చేతిలో ఉన్న పని కాదు. విజయవాడలో ఆసుపత్రి చుట్టూ ఏళ్ల తరబడి తిరిగాం. సూదులు పొడిపించుకోవడం, రిపోర్టు కోసం ఎదురుచూడడం, ఏడవడం, కళ్లు తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టడం. చివరికి ఓ రోజు ఆవిడ ఆ ఆసుపత్రి మెట్లు దిగుతూ మధ్యలో ఆగిపోయింది. "ఇంక నా వల్ల కాదండీ. ఈ సూదులొద్దు, ఈ డాక్టర్లొద్దు. నన్ను ఎక్కడికైనా దూరంగా తీసుకెళ్లండి" అంది.

ఎక్కడికంటే, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా గ్రీసు అంది. ఆవిడ ఏలూరులో ఓ ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతుంది. కొండ మీద విరిగిన పాలరాతి స్తంభాలున్న బొమ్మని ఏటా పిల్లలకి చూపించి పాఠం చెప్పి, ఎప్పటికైనా వాటి మధ్య నిలబడాలని మనసులో పెట్టుకుందట. స్తంభాలు చూశాక ఓడెక్కి ఏదో దీవికి వెళ్లాలి. అక్కడ తెల్లటి ఇళ్లుంటాయి, వాటి కింద సముద్రం ఉంటుంది. ఆ ఇసుకలో ఏ పనీ లేకుండా కూర్చోవాలి. నాకు ఆ స్తంభాల మీద మోజేమీ లేదు కానీ, చాలా కాలం తర్వాత ఆవిడ రేపటి గురించి మాట్లాడుతోంది. అందుకని సరేనన్నాను.

తాడేపల్లిగూడెం వెళ్లి చెబితే మా మామగారు నవ్వారు. ఆయనది ఉల్లిపాయల హోల్‌సేల్ వ్యాపారం. ఏ సరుకైనా దగ్గర్లో దొరుకుతుండగా దూరం వెళ్లి తెచ్చుకోవడం ఆయనకి నచ్చదు.

"పడిపోయిన గుళ్లు చూడ్డానికి అంత దూరం దేనికండీ అల్లుడుగారూ? శిథిలాలు కావాలంటే కామవరపుకోట అవతల గుంటుపల్లి ఉంది. బీచి కావాలంటే పేరుపాలెం ఉంది. పొద్దున్నే బయల్దేరితే రెండూ చూసుకుని రాత్రి భోజనానికి ఇంటికొచ్చేయచ్చు."

"గుంటుపల్లిలో పాలరాతి స్తంభాలు లేవు నాన్నా" అంది నా భార్య.

"నాలుగు పాతిద్దాం అమ్మా, దాందేముంది" అన్నారాయన. ఆవిడ నవ్వింది. ఆ నవ్వు చూసి అత్తగారు వంటింట్లోకి వెళ్లి కళ్లొత్తుకున్నారు.

వేసవి సెలవులకి వెళ్లాలనుకున్నాం. ఆవిడ కందిపొడి ఎంత పట్టుకెళ్లాలో, గోంగూర పచ్చడి విమానంలో కారకుండా ఎలా కట్టాలో చూసుకుంటుంటే, నేను హైదరాబాద్‌లో వీసాకి వేలిముద్రలు ఎప్పుడివ్వాలో కనుక్కున్నాను. అక్కడ కొండలెక్కాలి కాబట్టి కొత్త బూట్లు కొనుక్కుని, కాళ్లకి అలవాటవ్వాలని కార్తీకమాసంలో ఓ ఆదివారం గుంటుపల్లి వెళ్లాం. మామగారి మాట ఒకందుకు నిజమే, అవీ శిథిలాలే. ఎర్రరాతి కొండని తొలిచిన గుహలు, ఇటుకల స్తూపాలు, ఎప్పుడో భిక్షువులు పడుకున్న రాతి అరలు. మెట్లు సగం ఎక్కేసరికి ఆవిడ కళ్లు తిరుగుతున్నాయని కూర్చుండిపోయింది. ఎండదెబ్బనుకుని మంచినీళ్లిచ్చాను. ఆవిడ మాత్రం నా చెయ్యి పట్టుకుని, నోరు తెరవడానికి భయపడుతున్నట్టు నా మొహంలోకి చూసింది.

అన్నేళ్లు మందులకి లొంగనిది, మందులు మానేశాక దానంతటది వచ్చింది.

గ్రీసు ఆగిపోయింది. దానికి మాకు బాధేమీ లేదు. కానీ మా అమ్మ అంతటితో ఊరుకోలేదు. అమ్మ మాతోనే ఉంటుంది. భార్య కడుపుతో ఉన్నప్పుడు భర్తకి కొన్ని నిషేధాలుంటాయి మాలో. సముద్రస్నానం చేయకూడదు, దేశం దాటకూడదు, ఆరో నెల వచ్చాక జుట్టూ గడ్డం తీయించకూడదు, శవాన్ని మోయకూడదు. నేను ఇలాంటివి విని ఎగతాళి చేసే రకం. పూర్వం మా స్నేహితుడొకడు ఇలాగే గడ్డం పెంచితే వాడికి ఓ కమండలం కొనిచ్చాను కూడా. ఆ మనిషినే అమ్మ ముందు చేతులు కట్టుకుని కూర్చుని, "ఇంకా ఏమైనా ఉన్నాయా అమ్మా?" అని అడిగాను.

"స్నానమనే కాదు నాన్నా, అసలు సముద్రం వైపే చూడకు. ఇన్నాళ్లకి వచ్చింది. మనకెందుకు చెప్పు" అంది. శాస్త్రంలో ఉన్నది స్నానం వరకే. చూపు వరకూ పెంచింది మా అమ్మ భయం. నేను దానికీ ఒప్పుకున్నాను. అన్నేళ్లు ఎదురుచూసినవాడికి వాదించే ఓపిక ఉండదు.

నా ఉద్యోగం చేపల మేత కంపెనీలో. ఆకివీడు చుట్టుపక్కల, కొల్లేటి గట్ల మీద చెరువులు తిరిగి రైతులతో మాట్లాడే పని. ఆ చలికాలం చివర్లో కంపెనీ వాళ్లు మీటింగు పేరుపాలెంలో పెట్టారు, బీచి పక్కనే ఓ రిసార్టులో. హాలుకి సముద్రం వైపంతా అద్దాలే. నేను తలొంచుకుని లోపలికెళ్లి, కుర్చీ తిప్పుకుని, సముద్రానికి వీపుపెట్టి కూర్చున్నాను. స్క్రీను కూడా అటువైపే ఉండడంతో మీటింగంతా నాకు గోడే. భోజనాల వేళ అందరూ ఇసుకలోకి పరిగెత్తారు. "ఒక్కసారి ఇటు తిరగండి సార్, ఏమీ అవదు" అని ఒకాయన నా భుజం పట్టుకుని లాగాడు. నవ్వుతూనే విడిపించుకున్నాను గానీ చెంప పగలగొడదామన్నంత కోపం వచ్చింది. సాయంత్రం దాకా అలల చప్పుడు వీపుకి తగులుతూనే ఉంది. ఇంటికొచ్చి ఈ కథంతా చెబితే నా భార్య కడుపు పట్టుకుని నవ్వింది. లోపల బిడ్డ కూడా కదిలిందంది.

ఆ తర్వాత మా బాబాయి పోయాడు. ముదినేపల్లి దగ్గర మా ఊళ్లో ఉండేవాడు. నా చిన్నప్పుడే మా నాన్న పోతే నన్ను భుజాల మీద పెట్టుకుని పెంచింది బాబాయే. కాలవలో ఈత నేర్పింది, నా పెళ్లిలో తండ్రి స్థానంలో కూర్చుంది ఆయనే. ఆయనకి ఇద్దరూ ఆడపిల్లలు. తలకొరివి పెట్టాల్సినవాణ్ణి నేను. కానీ పాడె లేచే వేళకి పెద్దలు నన్ను పక్కకి జరగమన్నారు. దూరపు వరసవాడెవడో కుండ పట్టుకున్నాడు. నేను గడ్డంతో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక గేటు పక్కన నిలబడ్డాను. నన్ను మోసిన మనిషిని నేను మోయలేకపోయానని లోపల ఒకటే మంట. పిన్ని అంత ఏడుపులోనూ నన్ను చూసి, "నీకు బిడ్డ పుట్టబోతోంది నాన్నా. మీ బాబాయి ఏమీ అనుకోడులే" అంది.

ఆ వేసవిలోనే, మేం విమానం ఎక్కుదామనుకున్న సెలవుల్లోనే, నా భార్యకి ఎనిమిదో నెల. ఓ పొద్దున్న బిడ్డ కదలడం లేదండీ అంది. ఏలూరులోనే ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ స్కానింగు యంత్రాన్ని పొట్ట మీద చాలాసేపు తిప్పింది. తిప్పడం ఆపి మానిటర్ని తనవైపుకి జరుపుకుంది. కారణం అడిగితే, ఒక్కోసారి కారణం దొరకదండీ అంది. చనిపోయిన బిడ్డని కూడా నొప్పులు పడే కనాలని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ నొప్పులన్నీ పడింది నా భార్య.

ఆడపిల్ల. జుట్టు ఒత్తుగా ఉంది. నర్సు తెల్ల టవల్లో చుట్టి తెచ్చి, ఎవరికివ్వాలా అని చూసింది.

"తండ్రే తీసుకోవాలండీ" అన్నారు మా మామగారు.

తీసుకున్నాను. మా చెల్లెలి మొగుడు కారు నడుపుతుంటే ముందు సీట్లో కూర్చుని, మా ఊరి దాకా ఒళ్లో పెట్టుకుని వెళ్లాను. చిన్నపిల్లల్ని మాలో దహనం చేయరు, మట్టిలో పెడతారు. కాలవ గట్టు దిగి, బాబాయిని కాల్చిన చోటు దాటి, పాడె లేకుండా రెండు చేతుల మీద మోసుకెళ్లాను. అన్నాళ్లూ శవాన్ని మోయకూడదన్నారు. ఆ వేళ ఎవరికీ ఆ మాట గుర్తు రాలేదు. నాకు వచ్చింది.

నా భార్యని ఇంటికి తెచ్చాక, అమ్మ నన్ను గది గుమ్మంలో ఆపింది. మంచం మీద ఆవిడ కళ్లు మూసుకుని ఉంది. అమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"నాన్నా, ఆ రోజు మీటింగులో... నువ్వు సముద్రం గానీ చూశావా?"

"చూళ్లేదమ్మా. వీపుపెట్టి కూర్చున్నానని చెప్పాను కదా."

అమ్మ వెళ్లబోయింది. నాకే ఎందుకో అంతటితో ఆగాలనిపించలేదు. "చప్పుడు మాత్రం విన్నాను" అన్నాను.

అమ్మ ఆగింది. ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, నేను చూశాను. ఆ తర్వాత, "చప్పుడైతే ఫర్వాలేదులే" అని వెళ్లిపోయింది. అమ్మ మీద నాకు అంత అసహ్యం అంతకుముందెప్పుడూ కలగలేదు. ఆ మధ్యాహ్నం పెరట్లో అరటిచెట్టు పక్కన నిలబడి అమ్మ నోట్లో కొంగు కుక్కుకుని ఏడుస్తుంటే చూశాను. ఆవిడ కూడా మాలాగే కారణం వెతుక్కుంటోంది. కోపం పోయింది గానీ ఆ ప్రశ్న పోలేదు.

కొన్నాళ్లకి గడ్డం తీయించుకోవడానికి వెళ్లాను. మా వీధి చివర మంగలాయనకి నా గడ్డం సంగతి తెలుసు. మెడకి గుడ్డ కడుతూ, "అయితే డెలివరీ అయిపోయిందన్నమాట! బాబా, పాపా అండీ?" అని అడిగాడు.

"పాప" అన్నాను. మా అమ్మాయిని గురించి సంతోషంగా అడిగినవాడు ఆయనొక్కడే. ఆయన సంతోషాన్ని చెడగొట్టబుద్ధి కాలేదు. ఇప్పుడు వేరే షాపుకి వెళ్తున్నాను.

మొన్న ఆదివారం నా భార్య ల్యాప్‌టాప్ తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. మళ్లీ అదే దీవి, అవే తెల్లటి ఇళ్లు. "ఈ వేసవికి వెళ్దామండీ" అంది. బియ్యం ఏరుతున్న అమ్మ తలెత్తి, "వెళ్లిరండమ్మా. ఇప్పుడు సముద్రానికి అడ్డేముంది" అంది. అన్నాక తన మాట తనకే వినబడ్డట్టుంది. చేట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

నా భార్య ఆ దీవిలో గదుల జాబితా తెరిచింది.

"గది సముద్రం వైపుది తీసుకోనా, వెనక వైపుదా?" అని అడిగింది నా భార్య.

"వెనక వైపుది."

"దానికి సముద్రం కనబడదండీ."

"తెలుసు. చప్పుడు వినబడుతుందేమో చూడు."

ఆవిడ నావైపు తిరగలేదు. "అత్తయ్యగారు గుమ్మంలో మిమ్మల్ని అడిగినప్పుడు నేను నిద్రలో లేనండీ" అంది. ఆ దీవిని మూసేసి, ఊరి మధ్యలో, సముద్రానికి బాగా దూరంగా, ఆ విరిగిన స్తంభాల కొండ కింద ఓ గది వెతికింది.