చీర వెళ్ళింది, అన్నయ్య వెళ్ళలేదు

2022 డిసెంబరు. అమీర్‌పేట మెట్రో స్టేషన్ ఎదురుగా ఉన్న బట్టల షాపులో చీరల కౌంటర్ నాది. క్రిస్మస్ ముందు మా దగ్గరికి ఒక రకం గిరాకీ వస్తుంది. చర్చి సేవాసంఘాలు పేద కుటుంబాలను చూసి, ఒక్కో కుటుంబాన్ని ఒక్కో దాతకు అప్పజెబుతాయి. దాత బట్టలు కొని సంఘానికి ఇస్తే, వాళ్ళు తీసుకెళ్ళి ఆ ఇంట్లో ఇస్తారు. ఇచ్చినవాళ్ళెవరో తీసుకున్నవాళ్ళకు చెప్పరు.

అట్లా కొనేవాళ్ళు నా ముందు ఎక్కువసేపు కూర్చోరు. మురికి కనబడని ముదురు రంగు, ఉతికితే మన్నే గుడ్డ, బిల్లు, అంతే. ఆ రోజు వచ్చినాయన మాత్రం మధ్యాహ్నం కూర్చున్నవాడు సాయంత్రం దాకా లేవలేదు. పేరు మురళి. పంజాగుట్టలో ఏదో ఆఫీసులో అకౌంట్స్ చూస్తారట. కాంట్రాస్ట్ బార్డర్ కావాలన్నారు, అంటే చీర ఒక రంగు, అంచు ఇంకో రంగు. అవి తీసి పరిచాను. నల్లంచు ఉన్నవన్నీ ఆయన పక్కకు నెట్టేశారు.

"నల్లంచు తనకి నచ్చదండీ," అన్నారు.

"తెలిసినోళ్ళేనా సార్?"

ఆయన చేతిలోని చీర మడత సవరించారు. "మా చెల్లెలు. పద్మ," అన్నారు.

పద్మ ప్రేమించి డేనియల్ అనే లిఫ్ట్ మెకానిక్‌ను పెళ్ళి చేసుకుందట. వీళ్ళది ఆంధ్రా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం, పూజలూ పట్టింపులూ ఎక్కువ. ఆ రోజు తండ్రి నోరు మెదపలేదు. "ఈ గడప తొక్కొద్దు" అన్నది మురళిగారే. తర్వాత తండ్రి పోయినప్పుడు పద్మ వచ్చింది కానీ, అన్నతో మాట్లాడకుండానే వెళ్ళిపోయింది. ఇప్పుడు డేనియల్ పనిలో కిందపడి నడుం విరిగి మంచాన ఉన్నాడు. డేనియల్ వాళ్ళ చర్చికే వెళ్ళే ఆఫీసు స్నేహితుడొకరు మాటల్లో ఈ సంగతి చెబితే, ఆ కుటుంబాన్ని తనకే ఇమ్మని ఈయన అడిగి తీసుకున్నారు.

"నేను ఇస్తే తీసుకోదండీ. పేరు తెలియకపోతే కట్టుకుంటుంది," అన్నారు.

లేత ఆకుపచ్చ మంగళగిరి చీర, గులాబీ అంచుది తీసుకున్నారు. పిల్లల బట్టల దగ్గర మాత్రం చిక్కుపడ్డారు. చేతిలో గౌను పట్టుకుని, "మేనకోడలండీ. ఎంత ఎత్తుంటుందో కూడా తెలీదు నాకు," అన్నారు. వయసు అడిగి, పెరిగే పిల్ల కదా అని ఒక సైజు పెద్దది ఇచ్చాను. మా పైఅంతస్తులో టైలర్ ఉంటాడు. ఆమెనే వచ్చి కొలతలిస్తే బ్లౌజ్ ఇక్కడే కుట్టించుకోవచ్చన్నాను. ఆయన సరేనని కుట్టుకూలి కూడా కట్టి, ఆ సంగతి రాసిన చీటీ కవర్లో పెట్టించుకుని, నాకు ఫోన్ నంబర్ ఇచ్చి వెళ్ళారు. తన పేరు మాత్రం చెప్పొద్దన్నారు.

పండగ ఇంకా వారం ఉందనగా పద్మ వచ్చింది. సన్నగా, చెదిరిన జుట్టుతో, ఆ కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఎవరండీ ఇచ్చింది?"

"సంఘమోళ్ళ తరఫున వచ్చింది మేడమ్. మేం చెప్పొద్దు."

ఆమె చీర అంచును వేళ్ళతో నిమిరింది. "మా అన్నయ్య ఇట్లాగే తెచ్చేవాడు. నన్ను తీసుకెళ్ళకుండానే నాకు నచ్చేది తెచ్చేవాడు. ఇప్పుడు మాటల్లేవులెండి."

పేరు నా నోటిదాకా వచ్చింది. మింగేసి, "ఆయనొస్తే మాట్లాడ్తరా?" అన్నాను.

"ముందు రావాలి కదండీ," అని నవ్వింది. ఆ నవ్వులో కోపం నాకు కనబడలేదు.

ఆమె పైన టైలర్‌కు కొలతలిచ్చి వెళ్ళగానే మురళిగారికి ఫోన్ చేశాను. "సార్, మీ చెల్లె మంచిగనే మాట్లాడింది. ఎల్లుండి పొద్దుగూకినంక బ్లౌజ్ కోసం వస్తది. జర మీరు సుత రాండ్రి. ఫికర్ చెయ్యకండ్రి."

ఆయన వచ్చారు. కానీ లోపలికి రాలేదు. రోడ్డవతల, మెట్రో మెట్ల కింద నిలబడ్డారు. అద్దంలోంచి నాకు కనబడుతూనే ఉన్నారు. రమ్మని చెయ్యి ఊపాను. రెండడుగులు ముందుకు వేసి ఆగిపోయారు. పద్మ బ్లౌజ్ అద్దం ముందు పెట్టుకుని చూసుకుని, నాకు థాంక్స్ చెప్పి, బస్సెక్కి వెళ్ళిపోయింది. అప్పుడు వచ్చారాయన.

"నన్ను చూసి ఆ చీర ఇక్కడే వదిలేసి పోతుందేమోనని భయమేసిందండీ."

"అట్ల చేసే మనిషి కాదు సార్. ముందు అన్నే రావాలె అన్నది."

ఆయన కళ్ళు తుడుచుకున్నారు. "పండగనాడు వాళ్ళింటికే వెళ్తాను," అన్నారు. నేను నమ్మాను. ఆయన కూడా నమ్మే అన్నారనుకుంటాను.

మరుసటి డిసెంబరులో మళ్ళీ వచ్చారు. కూర్చోగానే అడిగాను, చెల్లె ఎట్లుందని.

పండగకి వెళ్ళలేకపోయారట. కొత్త సంవత్సరానికి అనుకున్నారు, తర్వాత ఉగాదికి అనుకున్నారు. వెళ్ళేసరికి ఆ వాటాలో వేరేవాళ్ళున్నారు. ఎండలు ముదరకముందే డేనియల్ చనిపోయాడట. పద్మ కూతురిని తీసుకుని అత్తగారి ఊరు వెళ్ళిపోయింది. సంఘంవాళ్ళు ఆమెను అడిగి, ఆమె ఒప్పుకున్నాకే నంబర్ ఇచ్చారు.

"మాట్లాడిందా సార్?"

"మాట్లాడింది. 'చీర చూడగానే నువ్వేనని తెలిసింది అన్నయ్యా. అది కట్టుకుని పండగంతా గుమ్మంలోనే కూర్చున్నాను. మా ఆయన కూడా నీకోసం అడిగాడు' అంది. నేను ఇప్పుడు వస్తానన్నాను. 'ఇప్పుడెందుకులే' అని ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తదు."

మంచినీళ్ళు తెప్పించాను. ఆయన తాగి, ఆ ఏడు ఎవరో తెలియని కుటుంబానికి దుప్పట్లు కొనుక్కుని వెళ్ళిపోయారు.

ఇన్నేళ్ళూ ఈ కౌంటర్ వెనక నిలబడి, మనిషికి తగిన బట్ట చూపిస్తే నా పని అయిపోయినట్టే అనుకునేదాన్ని. ఇప్పుడట్లా అనుకోను. ఎవరైనా పేరు చెప్పొద్దంటూ తమవాళ్ళ కోసం బట్టలు తీస్తుంటే, బిల్లు వేసే ముందు ఒక మాట అడుగుతాను: "మీరే పోయి ఇవ్వరాదు?" కొందరికి కోపం వస్తుంది, నీకెందుకంటారు. అననీ. అడగడం మాత్రం మానను.