లెక్కల పీరియడ్ మధ్యాహ్నానికి మారిన ఏడు

నిన్న పదో తరగతి ఫలితాలొచ్చాయి. టీవీలో వార్తలు చదివే అమ్మాయి "ఈసారి కూడా బాలికలదే పైచేయి" అంది. ఏటా అదే మాట. మా వారు రిమోట్ అందుకోబోతే కాసేపు ఉండమన్నాను. ఆ మాట వింటే చాలు, తొంభైల్లో హంసలదీవి దగ్గర మేమున్న ఊరు, అక్కడి హైస్కూల్లో నా పక్కన కూర్చున్న పిల్ల గుర్తొస్తుంది.

నాన్న అక్కడ లెక్కల మాస్టారు. నా నేస్తం చేపల వేట మీద బతికేవాళ్ల పిల్ల. ఒకేడు తప్పిన వాళ్లన్న కూడా మా తరగతే. నున్నగా తల దువ్వుకుని బెల్లు కొట్టకముందే ముందు బెంచీలో ఉండేవాడు. తను మాత్రం పొద్దున్నే నెత్తళ్లనే చిన్న చేపల్ని ఇసుకలో ఎండబోసి, కాకుల్ని తోలి, మొదటి పీరియడ్ లెక్కలు అయిపోయాక వచ్చేది. జరిగిన పాఠం నేను సగం చెప్పేసరికి మిగతా సగం తనే నాకు చెప్పేది. ఎంత కడుక్కున్నా తన చేతులు చేపల వాసనే. సాయంత్రం మా నాయనమ్మ నన్ను గుమ్మంలోనే ఆపి, ముక్కు మూసుకుని స్నానానికి తోలేది. ఇప్పుడు ఆ వాసన కోసమే నేను బెంగపడుతున్నానంటే ఆవిడ నమ్మేది కాదు.

పాపం నాన్న, హెడ్మాస్టరుగారిని బతిమాలి ఆ పిల్ల కోసం లెక్కల్ని ఆఖరి పీరియడ్‌కి మార్పించారు. తీరా చూస్తే, మంచు పడకముందే చేపలు ఎత్తెయ్యాలని తను ఆ వేళకి ఇంటికి పరిగెత్తేది. గడియారం చూశాను గానీ ఎండని చూడలేదే అని నాన్న తల పట్టుకున్నారు. చివరికి మధ్యాహ్నం అన్నాలయ్యాక పెట్టారు. కడుపునిండా తిన్న మగపిల్లలు జోగేవారు, వాళ్లన్నయితే గురక కూడా పెట్టేవాడు. తను కళ్లు విప్పార్చుకుని వినేది.

పరీక్షల్లో స్కూలు మొత్తానికి తనే ఫస్టు. అన్న లెక్కలు మళ్లీ తప్పాడు. బందరులో ఇంటర్ చేరి ఒకే గదిలో ఉండాలని మేమిద్దరం ఎన్ని కలలు కన్నామో. ఆ మాట మాట్లాడ్డానికి నాన్న వాళ్లింటికి వెళ్తే నేనూ వెంటపడ్డాను. వాళ్లమ్మ మర్యాదగా మంచం వాల్చి కూర్చోబెట్టి, ఇద్దర్నీ చదివించలేమని, కొడుకుని గుడివాడ ట్యూషన్‌కి పంపుతున్నామని చెప్పింది.

"ఇది ఎక్కడున్నా బతుకుద్ది మేష్టారండీ. చదువు లేకపోతే బతకలేనోడు వాడేగా."

అంత తెలివిగల పిల్ల కాకపోయుంటే తననే పంపేవారేమో అనిపించి నాకు ఏడుపొచ్చింది. తను నెత్తళ్లు తిరగేస్తూ తలెత్తలేదు.

జూన్‌లో నాన్న నన్ను బందరు బస్సెక్కించడానికి తీసుకెళ్తుంటే నెత్తిన తట్టతో ఎదురైంది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది గానీ మాట మాత్రం నాన్నతోనే.

"లెక్కలు మధ్యాన్నమే ఉంచుతారాండీ? మా చెల్లి ఎనిమిదో తరగతికొచ్చింది."

ఉంచుతానమ్మా అన్నారు నాన్న.

కాలం అందరికీ ఒక్కటే అంటారు. అందులోంచి మేము తనకి ఇప్పించగలిగింది అన్నాల తర్వాతి ఒక్క పీరియడే.