బాబాయి రివాల్వరు నంబరు

రివాల్వరు లైసెన్సు కోసం పెట్టుకున్న దరఖాస్తులో ప్రాణభయం ఉందని రాశాను. నాకు ఎవరి వల్లా ప్రాణభయం లేదు. ముక్త్యాల రోడ్డు పక్కన మా చేని గట్టు మీదుగా లారీలు తిప్పొద్దన్నందుకు ఒక కాంట్రాక్టరు నలుగురిలో నన్ను వెటకారం చేశాడు. ఆ కోపంలో పెట్టిన దరఖాస్తు అది. విచారణకు వచ్చిన కానిస్టేబులుకు ఆ వెటకారాన్నే బెదిరింపుగా చెప్పాను. లైసెన్సు చేతికి వచ్చేసరికి ఆ కాంట్రాక్టరు పని ముగించుకుని వెళ్ళిపోయాడు, నా కోపమూ చల్లారింది. జగ్గయ్యపేటలో నడుముకు రివాల్వరు ఉన్న మనిషిగా కనబడాలన్న కోరిక మాత్రం మిగిలింది.

ఆయుధం ఫలానా తేదీలోపు కొనాలని లైసెన్సు మీద గడువు రాస్తారు. అది దగ్గరపడుతుండగా నందిగామ నుంచి బాబాయి ఫోన్ చేశారు. మా నాన్నకు వరసకు తమ్ముడు, డెబ్బై దాటిన మనిషి. ఆయన దగ్గర పాతకాలపు విదేశీ రివాల్వరు ఉంది. పెళ్ళిళ్ళలో కుర్చీలో కూర్చునే ముందు చొక్కా కొంచెం పైకి జరిపి, తోలు పౌచి అందరికీ కనబడేలా సర్దుకోవడం నా చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. చూపు ఆనడం లేదని, బయటివాళ్ళకు ఇవ్వడం ఇష్టం లేక నాకు చెబుతున్నానని అన్నారు. అధికారుల అనుమతి తెచ్చుకుంటే ఒక లైసెన్సుదారు నుంచి ఇంకొకరు కొనుక్కోవచ్చు.

నేను వెళ్ళేసరికి పౌచి ఫ్రిజ్ మీద ఉంది. పిన్ని దాని పట్టీని రెండు వేళ్ళతో పట్టుకుని, చచ్చిన బల్లిని తెచ్చినట్టు తెచ్చి బల్ల మీద పెట్టింది. రోజూ ఇల్లు ఊడ్చి తుడిచేటప్పుడు దాన్ని ఫ్రిజ్ మీది నుంచి అలమరలోకి, అలమర నుంచి మళ్ళీ ఫ్రిజ్ మీదికి మార్చేది ఆమే.

"మా అత్తగారు పోయాక ఆవిడ లేని లోటు ఇదే తీరుస్తంది నాయనా. ఎక్కడ కూర్చోబెట్టినా అక్కడ కాదంటారు మీ బాబాయ్," అంది.

అది ఎప్పుడు తయారైంది, ఏ రకం, లోపం ఉందని కంపెనీ ఎప్పుడైనా వెనక్కి పిలిచిందా అన్నవి నేను తెలుసుకోవాలి. నంబరు అడిగితే ఆయన ఇచ్చేవారే. అడిగితే అనుమానించినట్టవుతుందని భయపడ్డాను. లైసెన్సు పుస్తకం తేవడానికి ఆయన లోపలికి వెళ్ళినప్పుడు, ఫోన్ వచ్చినట్టు నటించి, రివాల్వరు మీద చెక్కిన నంబరును ఫోటో తీశాను. కొనేవాడు చేయాల్సిన పనే. నేను దాన్ని దొంగపనిగా మార్చుకున్నాను.

బెజవాడలో తుపాకుల దుకాణంలో ఒక ముసలి మెకానిక్ ఉన్నాడు. ఫోటోను పెద్దది చేసి చూసి, ఒక పాత పుస్తకం తీసి, కంప్యూటర్లో కూడా ఏదో వెతికాడు. ఆ కంపెనీ ఒకే పేరుతో మూడు రకాలు చేసిందని, పైకి అన్నీ ఒకేలా ఉంటాయని, నంబరు ముందున్న అక్షరాన్ని బట్టే తెలుస్తుందని వివరించాడు. బాబాయిది మొదటి రకం. కింద పడినప్పుడు దానంతట అది పేలకుండా ఆపే ముక్క అందులో లేదు. అలాంటి ప్రమాదాలు జరిగాక కంపెనీ వాటిని వెనక్కి పిలిచి, ఆ ముక్క బిగించి, పిడి అడుగున ఒక చుక్క కొట్టి ఇచ్చిందట. ఇక్కడికి చేరినవాటిలో చాలావాటికి ఆ కబురే అంది ఉండదన్నాడు.

"చుక్క ఉంటే కొనుక్కోండి. లేకపోతే కొనే సంగతి తర్వాతండి, ముందు అందులో తూటాలు తీసేయమని చెప్పండి."

మర్నాడు మళ్ళీ నందిగామ వెళ్ళాను. బాబాయి టీవీ చూస్తున్నారు. చూస్తానని అడిగి పిడి తిప్పి చూశాను. చుక్క లేదు. ఆరు గదుల్లోనూ ఆరు తూటాలు ఉన్నాయి. నెమ్మదిగా పౌచిలో పెట్టి, మా ఆవిడ ఒప్పుకోవడం లేదని చెప్పాను. మా వైపు కాదనడానికి ఇంతకంటే తేలికైన దారి లేదు. భార్య వద్దన్నదంటే ఎవరూ నొచ్చుకోరు, కారణం అడగరు, నవ్వేసి ఊరుకుంటారు. బాబాయి కూడా నవ్వారు. పిన్ని పౌచి తీసుకుని ఫ్రిజ్ మీద పెట్టింది. నేను చూస్తూ ఉన్నాను.

ఎందుకు చెప్పలేదని అప్పటి నుంచీ నన్ను నేను అడుగుతున్నాను. నంబరు దొంగతనంగా తీసిన సంగతి బయటపడుతుందన్న సిగ్గు ఒకటి. దాని కింద ఇంకొకటి ఉంది, రాయడానికి చెయ్యి రావడం లేదు. ఇన్నేళ్ళు ఆయన చొక్కా జరిపి చూపించుకున్నది తప్పుడు సరుకని నాకొక్కడికే తెలియడం ఎక్కడో బాగుంది. అసూయపడిన మనిషికి దొరికే సంతోషం అది.

వేరే పనుండి అక్కడి నుంచి బెజవాడ వైపు బయల్దేరాను. ఆ సంతోషం హైవే మీద కీసర దాటేదాకా కూడా నిలవలేదు. ఆ తర్వాతంతా భయమే. పొద్దున తొమ్మిదైతే పిన్ని ఫ్రిజ్ మీద తుడుస్తూ ఉంటుందని గుర్తొచ్చేది. అన్నం ముందు కూర్చున్నా పట్టీ పట్టుకున్న ఆ రెండు వేళ్ళే కనబడేవి. చేలో మిరప కోతలు జరుగుతుంటే గట్టు మీద నిలబడి ఫోన్ చూసుకునేవాణ్ణి. నందిగామ నంబరు ఏది కనబడినా ఎత్తడానికి ధైర్యం చాలేది కాదు, ఎత్తకపోతే ఊపిరాడేది కాదు. రోడ్డు మీద లారీ టైరు పేలితే కూలీలు తలెత్తి చూసి మళ్ళీ పనిలో పడ్డారు. నేను మాత్రం నీళ్ళ బోదె గట్టున కూలబడ్డాను. బాబాయి పేరు తెర మీదికి తెచ్చి, నొక్కకుండా జేబులో పెట్టుకోవడం రోజుకు నాలుగైదు సార్లు జరిగేది.

పదో రోజు సాయంత్రం ఆయనే మా ఆవిడకు ఫోన్ చేశారు. తుపాకీ వద్దన్నావటగా అని ఆట పట్టించారట. తనకు ఆ సంగతే తెలియదు. అయినా నన్ను బయటపెట్టకుండా, ఇంట్లో అలాంటివి ఎందుకండీ అని నవ్వి పెట్టేసి, నా దగ్గరికి వచ్చి నిలబడింది. మొత్తం చెప్పాను.

"నన్ను అడ్డం పెట్టుకున్నారు, సరే. రేపు అత్తయ్యగారికి ఏమన్నా అయితే అప్పుడు కూడా నేనే వద్దన్నానని చెప్తారా?"

పదకొండో రోజు పొద్దున ఎనిమిదిన్నరకు నందిగామలో ఉన్నాను. వెళ్ళీ వెళ్ళగానే తూటాలు తీసేయమన్నాను. నంబరు ఫోటో తీసిన సంగతి, మెకానిక్ చెప్పినదంతా చెప్పాను. బాబాయి ముఖం ఎర్రబడింది. ఆయనకు కోపం రివాల్వరు గురించి కాదు.

"నన్ను అడిగితే చెప్పనా? ఫోన్ మాట్లాడతన్నట్టు ఆ వేషం ఏంట్రా?"

తప్పయిందన్నాను. చుక్క చూద్దామన్నారు. కళ్ళజోడు తెచ్చుకుని ఇద్దరం పిడి మీదికి వంగాం. చుక్క లేదని నాకు ముందే తెలుసు. అయినా ఆయనతో పాటు వెతుకుతున్నట్టు వేలితో తడిమాను. అప్పుడు పిన్ని వంటింటి గడప దగ్గర నుంచి మాట్లాడింది.

"పోయినేడు ఒకసారి నా చేతిలోంచి జారి పడిందండీ. తిడతారని చెప్పలా."

బాబాయి ఆమె వైపు తిరిగారు. ఎక్కడ అని అడిగారు. ఫ్రిజ్ పక్కన మూల పగిలిన టైలు చూపించింది. ఆయన కుర్చీలో కూర్చుని ఒక్కొక్క తూటా తీసి బల్ల మీద నిలబెట్టారు. రెండు దొర్లిపోయాయి. ఆ మధ్యాహ్నమే ఇద్దరం రివాల్వరును బెజవాడ దుకాణానికి చేర్చి రసీదు తీసుకున్నాం. నా గడువు ఆ నెలలోనే అయిపోయింది. పొడిగించమని అడగలేదు.

ఆ రోజు బెజవాడ బయల్దేరేముందు పిన్ని అడిగింది, ఈ సంగతి నీకు ఎప్పుడు తెలిసిందని. నిన్న సాయంత్రం దుకాణం ఆయన ఫోన్ చేశాడని చెప్పాను. అనుకుని చెప్పింది కాదు, నోట్లోంచి అలా వచ్చేసింది. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"తెలియంగానే పరిగెత్తుకొచ్చావు నాయనా. కన్నకొడుకు మాత్రం ఇంతకన్నా ఏం చేస్తాడు?"

ఇప్పుడు చుట్టాలందరికీ ఇదే చెబుతోంది. మొన్న రెడ్డిగూడెంలో పెళ్ళి భోజనాల దగ్గర నా ఎదుటే చెబితే విస్తరిలోకి చూస్తూ కూర్చున్నాను. నాకు తెలిశాక ఆమె పది రోజులు ఆ పౌచిని రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ మార్చింది. ఆమెకు కూడబలుక్కుంటూ చదివే అలవాటుంది. ఇది అచ్చయ్యాక నేనే తీసుకెళ్ళి ఆమె చేతికివ్వాలి. పోస్టులో పంపి ఊరుకుందామన్న ఆలోచన ఇప్పటికే రెండుసార్లు వచ్చింది.