అమ్మ నడుం నొప్పి

పొద్దున ఆరూ ఇరవైకి ఎసరు మరిగేది. బియ్యం పోసే ముందు మా అమ్మ అందులోంచి ఒక పిడికెడు తీసి గోడవార డబ్బాలో వేసేది. ఆ రోజుల్లో తర్లుపాడు దగ్గర మా ఊళ్ళో, చర్చికి పోయే ప్రతి ఇంట్లోనూ ఇది జరిగేది. ఆదివారం ఆ డబ్బాలన్నీ ఒకే గోతంలో గుమ్మరించి, ఇబ్బందిలో ఉన్న ఇంటికి ఇచ్చేవారు. (పది రకాల బియ్యం కాబట్టి అన్నం సగం ముద్దగా, సగం పలుకుగా ఉడికేది. దయ అనే మాట వింటే నాకిప్పటికీ ఆ పలుకే పంటి కింద తగులుతుంది.) మొన్న చలికాలంలో అమ్మ పోయింది. ఇల్లు సర్దుతుంటే ఆ డబ్బా కనబడింది. ఏడవాల్సింది పోయి నవ్వాను.

ఆ డబ్బాల రోజుల్లోనే నేను మార్కాపురంలో ఒక పలకల కంపెనీ ఆఫీసులో కొత్తగా చేరి, లోకం నా జీతం మీద నడుస్తోందనుకునేదాన్ని. మా వీధి చివర ఒక ముసలామె ఉండేది. పాస్టరుగారు ప్రార్థన ముగించకముందే ఆమెన్ అనేసేది కాబట్టి అందరికీ ఆమెనవ్వ. ఆమెకు నా అన్నవాళ్ళు లేరు. మిరపకాయల కోతకు పోయే ఓపిక ఆ ఏడు తగ్గింది. ఆమె ఇంటి మీద పొగ రోజు మార్చి రోజే లేస్తోందని అమ్మ కనిపెట్టింది. అయినా అవ్వ ఆదివారం తన పిడికెడు తెస్తూనే ఉంది.

ఆ వారం గోతం ఆమెకే అన్నారు పాస్టరుగారు. నేనూ అమ్మా మోసుకుపోయి గడపలో దించాం. అవ్వ దాన్ని చూసి, "అయ్యో, ఎవరికే పాపం? ఎవరింట్లో అంత కష్టమొచ్చింది?" అంది. ఆ జాలి నిజమైనది. నీకేనంటే గోతం వీధిలో ఉంటుందని మా ఇద్దరికీ తెలుసు. అబద్ధమాడి ఎరగని మా అమ్మ గోడ పట్టుకుని మెల్లగా వంగింది.

"మాకే అవ్వా. నడుం పట్టేసింది, పొయ్యికాడ నిలబడలేకుండా ఉండాను. ఈ బియ్యం నీకాడే పెట్టుకోని సాయంత్రం పూట నువ్వే వండి పెట్టాల. నువ్వు మాతో కూచ్చోని తింటేనే తింటాం."

"ఇంత పొడుగు కూతురుంది, అది వండదా?"

అమ్మ నా వంక చూసింది. "దానికి నీళ్ళు కాచేది గూడ రాదవ్వా." (అప్పటికి ఇంటి వంటలో సగం నాదే.)

ఆ సాయంత్రం నుంచి మా భోజనం అక్కడే. గోతం అయిపోవస్తే చర్చి నుంచి ఇంకొకటి వచ్చేది. పొద్దునపూట అమ్మ తలుపేసుకుని వండేది. నాయన రెండు రోజులు గొణిగాడు. "చర్చికిచ్చిన బియ్యం మనం తినేదేందే?"

"మనం తినకుంటే ఆమె తినదు. డబ్బాలో రెండు పిడికిళ్ళు ఏస్తాండాలే."

అవ్వ ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు అమ్మ వంగి నడిచి, మలుపు తిరిగాక నిటారయ్యేది. ఒకరోజు మరిచిపోయింది. "నయమైందా ఏంది?" అని అరుగు మీంచి కేకేసింది అవ్వ. "లేదవ్వా, మళ్ళా పట్టింది," అని అక్కడికక్కడే వంగింది అమ్మ.

ఆ ఆదివారం అవ్వ చర్చిలో లేచి నిలబడి అందరి ముందూ ప్రార్థించింది. "ప్రభువా, ఈ తల్లి నడుం బాగు చెయ్యి. నేనుండాను కాబట్టి నువ్వు తొందరపడొద్దు. పిల్ల మాత్రం పెండ్లి ఈడుకొచ్చింది. నీళ్ళు కాచేది గూడ రాదు. దానికి వంట నేర్పు తండ్రీ." చర్చి అంతా ఆమెన్ అంది. అందరికన్నా గట్టిగా అన్నది మా నాయన. అమ్మ ముసుగు మొహం మీదికి లాక్కుంది గానీ భుజాలు అదురుతున్నాయి. నన్ను పెళ్ళిచూపులు చూడ్డానికి దొనకొండ నుంచి రావాల్సినవాళ్ళు రావడం మానుకున్నారు.

అమ్మ నడుం రెండేళ్ళ తర్వాత, అవ్వను మట్టి చేసి వచ్చిన సాయంత్రం నయమైంది. మాకు అన్నం పెట్టి నిలబెట్టాననే అవ్వ చివరిదాకా అనుకుంది. అమ్మ సమాధి దగ్గర కూడా ఒక పిన్నమ్మ నా చెయ్యి పట్టుకుని, వంట వచ్చిందా అమ్మా అని అడిగింది. వచ్చిందన్నాను. అవ్వ ప్రార్థన ఊరికే పోలేదని ఆమె కళ్ళు తుడుచుకుంది.

డబ్బా కడిగి ఎండలో పెట్టాను. ఇప్పుడు చర్చికి ఇచ్చేది ఫోన్లో పంపుతారు, నేనూ అంతే. ఎసట్లో పోసే ముందు పిడికెడు బియ్యం మా ఊళ్ళో ఎవరూ తీయడం లేదు.