లోపలాయన వద్దన్న పెన్‌డ్రైవ్

దయ్యాల మాట ఎత్తితే మా ఇంట్లో అందరికంటే ముందు నవ్వేది నేనే. షాపు గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు కూడా కట్టనిచ్చేదాన్ని కాదు. ఇప్పటికీ నమ్ముతున్నానని చెప్పలేను. జరిగింది మాత్రం చెబుతాను.

జగ్గయ్యపేటలో మాకు ఫొటో స్టూడియో ఉంది. అన్నయ్య నడిపేవాడు. గుండెపోటుతో పోయాక నేను కూర్చుంటున్నాను. మా ఆల్బమ్ సాఫ్ట్‌వేర్ పాత విండోస్‌లో తప్ప నడవదు. అందుకని అన్నయ్య కొత్త కంప్యూటర్‌లోనే వర్చువల్ మెషీన్ పెట్టాడు. కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ అన్నమాట. అన్నయ్య తీసిన పెళ్లిళ్లన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉండేవి, అది రెంటికీ ఉమ్మడి. ఇంకో కాపీ లేదు.

బయటి కంప్యూటర్‌కి యాంటీవైరస్ ఉంది కదా, లోపలిదానికి మళ్లీ ఎందుకని నా ధీమా. "వీధి తలుపు గొళ్లెం పెడితే వంటింట్లో దూరిన పాము పోతుందా?" అనేవాడు అన్నయ్య. పెన్‌డ్రైవ్‌ని నేరుగా లోపలిదానికి కలిపితే బయటి యాంటీవైరస్ దాని మొహం కూడా చూడదట. లోపలిదానికి విడిగా వేద్దామనుకుంటూనే పోయాడు. నేను పట్టించుకోలేదు.

ఓ మధ్యాహ్నం పెనుగంచిప్రోలు నుంచి మస్తాన్ గారని ఒక మిర్చి రైతు వచ్చారు. కూతురి పెళ్లిలో చుట్టాలు ఫోన్లలో తీసినవన్నీ పెన్‌డ్రైవ్‌లో పోగేసి తెచ్చారు. మా వైపు అంతే. మేనమామ తీసిన ఫొటో ఆల్బమ్‌లో లేకపోతే మేనమామ అలుగుతాడు. ఆ పెన్‌డ్రైవ్ చుట్టాలిళ్లన్నీ తిరిగి, నందిగామలో జిరాక్స్ షాపులన్నిటి గడపా తొక్కి మా దగ్గరికి వస్తుంది.

లోపలిదానికి కలిపాను. కలిసిన వెంటనే ఊడిపోయింది. మళ్లీ కలిపితే మళ్లీ అంతే. వేరే పోర్టులో పెట్టినా అదే వరస. విసుగొచ్చి బల్ల మీద కొట్టాను.

వెనక కుర్చీలోంచి మస్తాన్ గారు మెల్లగా, "ఆయన వద్దంటన్నారు కదమ్మా, వదిలెయ్యండి" అన్నారు.

"ఎవరండీ?"

"ఆ లోపలాయన. ఇందాకట్నుంచీ చెయ్యూపుతున్నారుగా."

లోపల అంటే ఫొటోలు తీసే గది. వెళ్లి చూశాను. లైట్లు, నీలం తెర, ఖాళీ స్టూలు. ఆ గదికి మరో తలుపు లేదు. మస్తాన్ గారు అన్నయ్యని ఎన్నడూ చూసినవారు కాదు. ఆ మనిషి ఎలా ఉన్నాడని అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు.

తర్వాత ఆ పెన్‌డ్రైవ్‌ని మూలనపడున్న పాత కంప్యూటర్‌కి పెట్టాను. పెళ్లి వీడియో అనుకుని ఒకటి నొక్కగానే ఆ పాత కంప్యూటర్‌లో ఉన్న ఫైళ్లన్నిటికీ తాళం పడింది. డబ్బు కడితేనే తెరుస్తామని తెర మీద ఇంగ్లిషులో బెదిరింపు. అదే వర్చువల్ మెషీన్‌లో నొక్కి ఉంటే అన్నయ్య జీవితమంతా తీసిన ఫొటోలు పోయేవి.

మర్నాడే లోపలిదానికి దాని యాంటీవైరస్ దానికి వేయించాను. ఉమ్మడి ఫోల్డర్‌తో దానికున్న లంకె తెంపేశాను. ఫొటోలు ఇంకో డిస్కులోకి ఎక్కించి ఇంట్లో బీరువాలో పెట్టాను. మెకానిక్ పోర్టులూ సెట్టింగులూ అన్నీ చూసి, దేంట్లోనూ లోపం లేదన్నాడు.

ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో ఇప్పటికీ చెప్పలేను. ఇప్పుడు ఏ పెన్‌డ్రైవ్ పెట్టినా మొదటిసారే కలుస్తోంది. అలా కలిసిన తొలిరోజు, కస్టమర్ ముందే, ఆ గది వైపు చూసి ఏడ్చేశాను. అన్నయ్య ఇక రావాల్సిన పని లేకుండా చేసింది నేనే కదా.