గోడ మీద మూడు బ్లేడ్ల చాకు

మా పక్కింటాయన పోయారు. మొన్న పొద్దున వాళ్ళ కోడలు ప్రహరీగోడ దగ్గరకొచ్చి, "మామ పోయిండు, టీచరమ్మా" అంది. నేను వెంటనే నమ్మలేదు. ఆయన్ని దవాఖానలో చేర్చినప్పుడల్లా మా మన్సూరాబాద్ కాలనీలో ఎవరో ఒకరు ఆయన్ని ముందుగానే పంపించేసేవారు. నాలుగు రోజులకు ఆయన తిరిగొచ్చి, తన చావు కబురు మొదట ఎవరి నోట పుట్టిందో ఆరా తీసేవారు. ఈసారి ఆరా తీయడానికి రాలేదు.

మీరు ఆయన్ని ఎరగరు కాబట్టి చెబుతాను. నల్లగొండ పల్లె నుంచి వచ్చి, బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరైన మనిషి. పాలవాణ్ణి నమ్మరు, పంచాంగాన్ని నమ్మరు, వాన పడుతుందని టీవీలో చెబితే ఆ రోజు పట్టుబట్టి బట్టలు ఆరేయించేవారు. పుచ్చకాయను బండివాడి కత్తితో కోయనిచ్చేవారు కాదు. జేబులోంచి తన మడత చాకు తీసి, పెద్ద బ్లేడుతో గాటు పెట్టి, చిన్నదానితో ముక్క తీసి నోట్లో వేసుకుని, అప్పుడు బేరం మొదలుపెట్టేవారు. మూడో బ్లేడు కరెంటు వైర్లు గీకడానికి. నేనూ తక్కువదాన్ని కాను. ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పి, పిల్లల ప్రయోగాల రికార్డుల్లో దొంగ లెక్కలు పట్టుకున్నదాన్ని. మాది కృష్ణా జిల్లా. ఇద్దరం అనుమానపు పీనుగలమే కాబట్టి స్నేహం బాగానే కుదిరింది.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో నా చేతిసంచిలోని చాకు విరిగింది. జామకాయకు, దారానికి, పాల ప్యాకెట్టుకు నాకది రోజూ ఉండాల్సిందే. "తక్కువ ధరలో మంచిది దొరుకుతుందా?" అని ఆయన్నే అడిగాను.

"దొరుకుతది. కానీ చూసి తీసుకోవాలె. నేనొస్త పాండ్రి" అన్నారు.

బంద్ లేని రోజు చూసుకుని ఆటోలో దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళాం. ఇనుప సామాను దుకాణంవాడు ముందు తళతళలాడేదొకటి చూపించాడు. అందులో కత్తెర, సీసా మూత తీసేది, పళ్ళు కుట్టుకునే పుల్ల అన్నీ ఉన్నాయి. "ఇది చాకు కాదు, చుట్టాలతోని నిండిన ఇల్లు. పనిచేసేటోడు ఒక్కడుండడు" అని పక్కన పెట్టారు. రెండోదాన్ని గోటితో తెరిచి బ్లేడును అటూ ఇటూ కదిపారు. "కొత్తగున్నప్పుడే ఊగుతది." మూడోదాన్ని మూసి పిడి అంచు మీద బొటనవేలు రాశారు. మొన పిడి దాటి వెంట్రుకవాసి పైకి ఉంది. "సంచిల చెయ్యి పెడితె మీ వేలే తెగుతది." ప్రతిదాన్నీ చెవి దగ్గర మూసి, చివర్న 'టక్' మంటుందా లేదా అని వినేవారు. "మూసేటప్పుడు మాట్లాడని చాకును నమ్మొద్దు, మేడం."

దుకాణంవాడికి విసుగొచ్చింది. "కాకా, చాకు కొంటున్నవా, అల్లుణ్ణి చూస్తున్నవా?"

"అల్లుడైతె జర చూసీ చూడనట్టు పోదును."

మూడు దుకాణాలు తిరిగి వట్టి చేతులతో ఆటో ఎక్కాం. అక్కడ నా మనసులో పురుగు తొలవడం మొదలైంది. తన జేబులో చాకు ఉండొచ్చు, నాకు మాత్రం ఒక్కటీ పనికిరాదా? ఆంధ్రావాళ్ళ చేతికి చాకెందుకని అనుకున్నాడా? మామూలు రోజుల్లో అయితే ఈ ఆలోచనకు నేనే సున్నా వేసేదాన్ని. కానీ అప్పుడు సాయంత్రమైతే టీవీలో అరుపులు, ఎల్బీనగర్ చౌరస్తాలో నడిరోడ్డు మీద ఉద్యమకారుల వంటావార్పు. ఆయన అక్కడ తన చాకుతో బుట్టెడు ఉల్లిగడ్డలు తరిగి, ఎర్రబడ్డ కళ్ళతో ఇంటికొచ్చేవారు.

నాతోపాటే ఉండే మా అల్లుడు విజయవాడ వెళ్ళిపోదామని పోరుతున్నాడు. గోడలకు నేను నీళ్ళు పట్టి కట్టించుకున్న ఇల్లు అది, వదిలి రానని నేను మొండికేశాను. "పక్కింటాయన ఉండగా మనకేం కాదు" అనేదాన్ని. ఆటో దిగిన రోజు నుంచి ఆ మాట అనడం మానేశాను.

వారం తర్వాత ఒక పొద్దున రెండిళ్ళ మధ్య గోడ మీద చాకు కనిపించింది. మూడు బ్లేడ్లూ తెరిచి ఉన్నాయి. మొనలు మా వంటింటి వైపు.

అల్లుడు చాకు వైపు వేలు చూపించాడు. "ఇంకేం కావాలి అత్తయ్యగారూ? ఇది హెచ్చరిక."

మధ్యాహ్నానికల్లా స్టీలు సామానంతా అట్టపెట్టెల్లోకి ఎక్కింది, తాళ్ళు బిగిశాయి. చాకును ఎవరూ ముట్టుకోలేదు.

సాయంత్రం ఆయనే గోడ దగ్గరకొచ్చి నాకంటే ముందు మాట అందుకున్నారు. "డబ్బాలెందుకు కట్టిండ్రు? నాకు చెప్పకుంట పోతున్నరా?"

"చాకు మొనలు మా మీదికి పెట్టి, ఎందుకు పోతున్నారని కూడా అడుగుతారా?"

ఆయన చాకును చూశారు, నన్ను చూశారు. "పొద్దటి సంది గిట్లనే ఉన్నదా? మీకోసమే పాతబస్తీ పోయి తెచ్చిన మేడం. మీరు అడిగినట్టు తక్కువ ధరలనే దొరికింది. చూడకుంట మీరేదీ తీసుకోరు గదా, అందుకే తెరిచి పెట్టిన."

"చేతికిస్తే ఏం పోయింది?"

"చాకు చేతికియ్యరాదు. పంచాది అయితది."

ఈ పట్టింపు మా వైపూ ఉంది. చాకైనా ఉప్పైనా చేతికిస్తే తగవు వస్తుందని కింద పెడతారు, అవతలివాళ్ళు తీసుకుంటారు. మా అమ్మ అలా పెట్టినప్పుడల్లా ఆవిడ్ని వెక్కిరించిన సైన్సు పంతులమ్మను నేను. నాకది తోచనే లేదు. అప్పుడైనా నా నోరు ఊరుకుందా? "పంచాంగమే నమ్మని మీరు దీన్ని నమ్ముతారా?" అన్నాను.

"నమ్మ. కని బయట గింత పంచాది నడుస్తుంటె, మన నడుమ గూడ ఒకటెందుకని..." అని ఆగిపోయారు.

క్షమించమని నేను అడగలేదు. అడిగి ఉంటే, ఎందుకు అడుగుతున్నానా అని దానికీ అనుమానపడేవారు. ఈ మాటలు నేను వదలబోయిన ఆ ఇంట్లోనే కూర్చుని రాస్తున్నాను. ఆయన రుణం గురించి ఇంతకంటే చెప్పడం నాకు చేతకాదు.

ఆ సాయంత్రం గోడ మీది చాకు తీసుకుని లోపలికి నడిచాను. గుమ్మంలో అల్లుడు పక్కకు తప్పుకున్నాడు. మొదటి పెట్టె తాడు కోశాను. పక్కింటాయన మా గేటు మీదుగా చుట్టు తిరిగి వరండాలోకి వచ్చి, తెగిన తాడు కొసను రెండు వేళ్ళతో పట్టి వెలుతురుకెత్తి చూశారు. అల్లుడు రెండో పెట్టెను కాలితో నా ముందుకు నెట్టాడు. కాగితాల్లోంచి గ్లాసులు ఒక్కొక్కటే బయటికి వస్తున్నాయి. ఆయన మాత్రం కోత సాపుగా పడిందో లేదోనని, తాడును తిప్పి తిప్పి ఇంకా చూస్తూనే ఉన్నారు.