కాకి ముట్టని విస్తరి, నీలకవచుడి చివరి పేజీ

చచ్చిపోయిన మనిషిని పైలోకానికి పోనివ్వకుండా నడిదారిలో ఆపడం గొప్ప గొప్ప మంత్రగాళ్ల వల్ల కూడా కాలేదంటారు. నేను ఆపాను. మంత్రం లేదు, తాయెత్తు లేదు. ఒంటి మీద ఒక నారింజరంగు జాకెట్టు, నాలుక మీద సగం శంషాబాద్ గ్రంథాలయం, అంతే. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను. నవ్వుకోండి, అభ్యంతరం లేదు. మీ ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు మాత్రం నన్ను పిలవకండి.

విమానాశ్రయం కొత్తగా తెరిచిన రోజులు. మా ఊళ్లో చదువు ఆగిపోయిన కుర్రాళ్లందరికీ అక్కడ ఏదో ఒక పని దొరికింది. ఒకడు సామాన్ల బండ్లు తోశాడు, ఒకడు అద్దాలు తుడిచాడు. నాకు దొరికిన పని, విమానాల దారిలోకి పిట్టలు రాకుండా చూడడం. టపాకాయలు పేల్చాలి, ఈల వేయాలి, రెండు చేతులూ ఊపుతూ పరుగెత్తాలి. మా తాత జొన్నచేను మంచె మీద చేసిన పనే. కాకపోతే ఆయనకు జాకెట్టు లేదు, నాకుంది. దాని వెనక మెరిసే పట్టీలు కూడా ఉన్నాయి. అది వేసుకుని ఊళ్లో నడిస్తే నన్ను విమానం నడిపేవాడనుకుంటారని నా గట్టి నమ్మకం. అందుకే డ్యూటీ అయిపోయినా విప్పేవాణ్ని కాదు. పెళ్లిచూపులకు కూడా అదే వేసుకుపోయానని మా అమ్మ ఇప్పటికీ తిడుతుంది.

డ్యూటీ లేనప్పుడు గ్రంథాలయం. ఇంటర్ తప్పాను గానీ, అక్కడ బీరువా తర్వాత బీరువా పాసవుతూ వచ్చాను. గ్రహాల నుంచి గొర్రెల పెంపకం దాకా నాకు తెలియని సంగతి లేదు. తెలిసిన సంగతిని కడుపులో దాచుకునే అలవాటు అసలే లేదు.

ఊళ్లో నాకు సరిజోడు ఒక్కరే, మల్లయ్య తాత. ఒకప్పుడు లారీ నడిపినవాడు. ఆదివారం ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత బొమ్మల కథల పుస్తకాలు ఏరుకొచ్చి ఇనప్పెట్టె నింపుకున్నాడు. అందులో రత్నం లాంటిది ‘నీలకవచుడు’. ఏ దేశంలో పుట్టాడో, ఎప్పుడు తెలుగు నేర్చుకున్నాడో గానీ, పేజీలు అప్పడాల్లా విరిగేంత పాతవాడు. వంతెన పేలి నీలకవచుడు చచ్చిపోతాడు. ఆత్మ పైకి పోతుంది. ద్వారం దగ్గర కాపలావాడు “నీకింకా పని మిగిలింది” అని వెనక్కి పంపుతాడు. ఆ ఆత్మ గోడల్లోంచి దూరిపోయి దొంగలను పట్టుకుని, మళ్లీ పైకి వస్తుంది. కాపలావాడు అడుగుతాడు: “ఇప్పుడు లోపలికా, వెనక్కా?” నీలకవచుడు నోరు తెరుస్తాడు. అంతే! తర్వాతి పేజీలు లేవు, ఎవరో చింపేశారు.

ఆ కథలో చిల్లులు వెతకడమే మా ఇద్దరి సాయంత్రాలు.

“తాతా, ఆత్మ గోడలకెల్లి దూరిపోతున్నది, మంచిదే. మరి నేలలకెల్లి కిందికెందుకు పడిపోత లేదు?”

తాత బీడీ అంటించుకుని తీరిగ్గా అనేవాడు, “చెప్పులు గట్టియి కావచ్చు.”

“ఆత్మకు చెప్పులేంది తాతా!”

“మరి ముండ్లు గుచ్చుకోవా?”

“పోనీ గిది చెప్పు. మనిషి కిందనే సచ్చి పడి ఉన్నడు. నీలం అంగీ మాత్రం ఆత్మతోటి పైకెట్ల పోయింది? అంగీకి గూడ ఆత్మ ఉంటదా?”

“ఉంటది కావచ్చు. లేకుంటే దేవుని ముంగట బట్టల్లేకుంట నిలవడాల్నా?”

దేనికైనా ఆయన ఆఖరి మాట అదే. “కావచ్చు. ఎవడు పోయి చూసొచ్చిండు?” నేను బీరువాల కొద్దీ చదివి పేర్చిన తర్కం ఆ ఒక్క ‘కావచ్చు’కు పేకమేడలా కూలిపోయేది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం కునుకు తీస్తూనే తాత చూసొచ్చేందుకు వెళ్లిపోయాడు.

మూడోనాడు పిట్టకు పెట్టారు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెడతారు. కాకి వచ్చి ముడితే, ఆ మనిషి తృప్తిగా వెళ్లినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. పిట్ట ముట్టేదాకా ఇంటివాళ్లు ముద్ద ముట్టరు. తాత భార్య లచ్చవ్వ అయితే పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా తాగలేదు. “ఆయన తిన్నంకనే నేను తింట. పెండ్లైనప్పటి సంది గంతే,” అని ఎండలో విస్తరి వైపు చూస్తూ కూర్చుంది.

నేను పొద్దుటి డ్యూటీ దిగి నేరుగా వాళ్ల ఇంటి వెనక చెలకలోకి వెళ్లాను. తాతకు అంత దగ్గరివాణ్ని కదా, అందరికంటే ముందు, విస్తరి పక్కనే నిలబడ్డాను. ఒంటి మీద ఏముందో మీకు చెప్పనక్కర్లేదు.

కరెంటు తీగ మీద కాకి వాలింది. అది మెడ వంచి చూసి, ‘కావ్’ మని అరిచి, అవతలి స్తంభం మీదికి వెళ్లిపోయింది.

కొడుకు యాదగిరి చేతులు జోడించాడు. “బాపూ, నీ బర్రెను అమ్మనే అమ్మ. ఒట్టు. రా బాపూ.”

కాకి కదల్లేదు.

కొత్తూరు నుంచి వచ్చిన అల్లుడు శ్రీశైలం, ఒక కన్ను కాకి మీద, ఒక కన్ను మటన్ గిన్నె మీద పెట్టి ముందుకొచ్చాడు. “మామా, ఇగ నీ బిడ్డతోటి కొట్లాడ.”

“గట్లనే అను. కాకి ఎట్లయినా నమ్మది,” అంది వెనక నుంచి ఆయన భార్య.

తాత లారీకి చిరకాలం మరమ్మతులు చేసిన ఖాజా భాయ్ బీడీ అంటించి విస్తరి అంచున పెట్టాడు. “మల్లన్నా, అంటించి గూడ పెట్టిన. జర రా అన్నా.”

బీడీ కాలిపోయింది. కాకి రాలేదు.

అప్పుడు నేను గొంతు సవరించుకున్నాను. అన్నీ ఉన్న విస్తరి అణిగిమణిగి ఉంటుందంటారు. నిజమే, విస్తరి అణిగిమణిగే ఉంది. ఎగిరెగిరి పడింది నేను.

“తాతకు ఏం కోరిక మిగిలిందో నాకు ఎరుకే,” అన్నాను. “చివరి పేజీలు! నీలకవచుడు లోపలికి పోయిండా, వాపస్ వచ్చిండా? గది తెల్వకనే తాత పాణం దారిల ఆగింది.”

లచ్చవ్వ కళ్లు మెరిశాయి. “నిజమే బిడ్డా. పోయిన దినం గూడ గా బుక్కు ముంగటేసుకునే కూసున్నడు. నువ్వు గన్ని బుక్కులు చదివినోనివి. చెప్పు బిడ్డా, ఏమైందో ఆయనకు చెప్పు.”

ఏమైందో నాకూ తెలియదు. కానీ తెలియకపోవడం అనే చిన్న కారణానికి నేను ఏనాడూ నోరు మూసుకోలేదు. రెండు చేతులూ పైకెత్తి, నాటకంలో హరిశ్చంద్రుడిలా కాకి వైపు నాలుగడుగులు వేశాను.

“తాతా! నీలకవచుడు లోపలికే పోయిండు! ద్వారం తెరుచుకున్నది!”

కాకి ఎగిరి దూరంగా వేపచెట్టు మీద పడింది.

“కథ నచ్చలే,” అన్నాడు శ్రీశైలం.

“తప్పు చెప్పిన తాతా! వాపస్ వచ్చిండు! పెండ్లి గూడ చేసుకున్నడు!” అని ఇంకా గట్టిగా చేతులు ఊపాను. అప్పుడే వాలబోతున్న మరో రెండు కాకులు గాల్లోనే వెనక్కి తిరిగి, వేపచెట్టు మీది దాన్ని కూడా వెంటబెట్టుకుపోయాయి.

“అన్నా, నీకు దండం పెడ్త,” అన్నాడు శ్రీశైలం. “ఇంకో ముగింపు చెప్పినవంటే కాకులు బుద్వేల్ దాటిపోతయి.”

ఇంతలో లచ్చవ్వ కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. “గదేం గాదు బిడ్డా. నామీద కోపం ఆయనకు. ఆఖరి దినం చాయల చక్కెర ఎక్కువ అడిగిండని తిట్టిన. గందుకే వస్త లేడు.”

నవ్వులాట అక్కడితో ఆగిపోయింది. ఎండకు ఆమె పెదవులు ఎండిపోయి ఉన్నాయి. నా గుండె కరిగింది. గుండె కరిగితే ఇతరులు ఓదారుస్తారు. నేను ఉపన్యాసం ఇస్తాను.

“అవ్వా, పరేషాన్ గాకు. నేను బుక్కుల చదివిన. కాకులు మనిషి మొఖం గుర్తు పెట్టుకుంటయి. తిండి పెట్టినోళ్లను మరువయి. దుష్మన్‌ను అసలే మరువయి. తమను సతాయించినోడు కనవడితే చుట్టుపక్కల కాకులన్నిటికీ అరిచి చెప్తయి. తమ పిల్లలకు గూడ చూపిస్తయి. గసొంటోడు నిలవడ్డ కాడికి రానే రావు. నువ్వేమన్న గసొంటిదానివా?”

పైన ఒక విమానం నింపాదిగా దిగుతోంది. దాని దారిలో ఒక్క పిట్ట లేదు.

ఖాజా భాయ్ నా జాకెట్టును కింది నుంచి పైకి చూశాడు. “అరె భాయ్, నువ్వు ఏర్‌పోర్టుల ఏం నౌకరి చేస్తవ్?”

“విమానాల తొవ్వలకు పిట్టలు...”

నీలకవచుడి కథలో చిల్లులన్నీ వెతికిన మహానుభావుడు, లారీ పట్టేంత చిల్లులో తానే నిలబడి ఉన్నాడు! మీకు ముందే తెలిసిపోయిందని నాకు తెలుసు. నాకు అప్పుడే తెలిసింది.

“అంగీ విప్పు!” అని అరిచాడు యాదగిరి. విప్పాను. దూరంగా ఎక్కడో ఒక కాకి ‘కావ్’ మంది. రాలేదు.

“మొఖం గుర్తు పెట్టుకుంటదన్నవ్ గద,” అన్నాడు శ్రీశైలం. “ఇగ మొఖం ఎట్ల విప్పుతవ్?”

“నేను ఇంటికి పోత,” అన్నాను.

“నడవకు! నువ్వు కదిలితే ఉన్నయి గూడ లేస్తయి!” యాదగిరి నా భుజాలు పట్టి కూలేశాడు. ఖాజా భాయ్ ఇంటి మూల నుంచి కోళ్ల గంప ఎత్తుకొచ్చాడు. శంషాబాద్ గ్రంథాలయపు బీరువాలన్నీ జీర్ణించుకున్న తల మీద ఆ గంప బోర్లించారు.

లోపల కోళ్ల వాసన, కోళ్లు వదిలిపెట్టిన జ్ఞాపకాలు. సందుల్లోంచి చూశాను. రెక్కల చప్పుడు. ఒక కాకి, వెనక మరొకటి. మొదటిది విస్తరి చుట్టూ ఒకసారి నడిచి, మటన్ ముక్క ముక్కున పట్టింది.

“ముట్టింది! బాపు ముట్టిండు!” అని కేక. లచ్చవ్వ ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ చెంబెడు నీళ్లు గటగటా తాగింది. ఆ గటగట చప్పుడుకు నా ప్రాణం కూడా లేచి వచ్చింది.

అందరూ బువ్వకు లేచారు. నన్ను మాత్రం ఎవరూ లేపలేదు. కాకి పూర్తిగా తిననీ అన్నారు. శ్రీశైలం బొక్క కొరుకుతున్న చప్పుడు వింటూ కూర్చున్నాను. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ తలా ముక్క వాళ్లకు, పాపం మొత్తం నాకు.

ఇంతలో గంప మీద ‘ధన్’ మని ఏదో వాలింది. సరిగ్గా నా నడినెత్తి పైన. మరుక్షణం సందులోంచి తెల్లగా, వెచ్చగా ఒక కానుక జారి నా తల మీద పడింది.

నా కోసం పళ్లెం తెస్తున్న లచ్చవ్వ ఆగిపోయింది. “లేపకుర్రి! తాత వచ్చి పిలగాని మీద కూసున్నడు. ముచ్చట వెడుతుండు.” గంప దగ్గరికి వంగి గుసగుసగా, “అడుగు బిడ్డా, అడుగు. ఇప్పుడు చూసొచ్చిండు గద,” అంది.

గంపలోంచి అడిగాను. “తాతా, నీలకవచుడు లోపలికి పోయిండా, వాపస్ వచ్చిండా?”

పైన కాళ్లు అటూ ఇటూ కదిలాయి. తర్వాత తీరిగ్గా ఒక్క మాట.

“కావ్.”

లచ్చవ్వ పళ్లెం పట్టుకునే పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. “ఇన్నవా? కావచ్చు అంటుండు!”

ఆ కోళ్ల గంప సాక్షిగా, నెత్తిన పడిన ఆ తెల్లని అక్షింతల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ఇక ఈ జన్మలో పిట్టకు పెట్టే చోటికి జాకెట్టుతో పోను. ముందు వరుసలో నిలబడను. పుస్తకంలో చదివిన సంగతి నాకే తగులుతుందేమో చూసుకోకుండా నోరు తెరవను. మొదటి రెండూ ఇప్పటిదాకా నిలబెట్టుకున్నాను.

ఇంట్లో ఒక మాట కూడా చెప్పి ఉంచాను. నేను పోయాక నా విస్తరి మాత్రం కొత్తూరు అవతలకు తీసుకుపోయి పెట్టండి. ఇక్కడి కాకులు తమ పిల్లలకు నా మొహం ఈపాటికి చెప్పే ఉంటాయి.

“అంత దూరం మోస్కపోతే అక్కడి కాకులు ముడతయా?” అని మా ఆవిడ అడిగింది.

“కావచ్చు,” అన్నాను.